1988 ఆర్‌ఎక్స్-7 టర్బో II: బూస్ట్ పెంచే ముందు ఏం చూసుకోవాలి?

ఫ్రిస్కో_ఎఫ్‌సీ

అన్నలందరికీ నమస్తే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. 1988 మాజ్దా ఆర్‌ఎక్స్-7 టర్బో II కొన్నాను, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రోటరీ ఇంజన్ బండి. సిరీస్ 4, ఐదు గేర్ల మాన్యువల్, ఓడోమీటర్ మీద 1,18,000 మైళ్ళు. ఇంజన్ ఒకసారి విప్పి కట్టారని అమ్మినాయన అన్నాడు గానీ కాయితాలేమీ లేవు.

పొద్దున చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. వేడి మీద ఆపి పది నిమిషాలయ్యాక స్టార్ట్ చేస్తే మాత్రం ఏడెనిమిది సెకన్లు తిప్పాలి. ఇంకోటి, థర్డ్ గేర్లో తొక్కితే సరిగ్గా 3,800 ఆర్పీఎం దగ్గర ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, తర్వాత మళ్ళీ లాగుతుంది. పొగ లేదు. రేడియేటర్లో నీళ్ళు తగ్గడం లేదు.

క్యాట్ (ఎగ్జాస్ట్ పొగని శుభ్రం చేసే కన్వర్టర్) తీసేసి మూడంగుళాల డౌన్‌పైపు, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసి, బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్) 10 పీఎస్‌ఐ దాకా తీసుకెళ్ళాలని ఉంది. ఫ్యూయల్ కట్ వస్తుందని, దానికి డిఫెన్సర్ అనే చిన్న డబ్బా పెడితే చాలని ఒకరు చెప్పారు. అది నిజమేనా? పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలంటారు, ఎంత కలపాలి? ఇక్కడి ఎండల్లో ఏసీ వేసుకుని నడపొచ్చా? ముందు దేని మీద డబ్బు పెట్టాలో చెప్పండి.

13బి_గోదారి

తమ్ముడూ, డిఫెన్సర్ మాట కాసేపు పక్కన పెట్టు. దాని సంగతి కింద ఎవరో ఒకరు చెప్తారు. ముందు ఇంజన్ ఆరోగ్యం ఏమిటో అంకెల్లో తెలియాలి. వేడి మీద బద్ధకంగా స్టార్ట్ అవుతోందంటే రోటరీలో రెండే అనుమానాలు. ఒకటి కంప్రెషన్ తగ్గడం, అంటే పిస్టన్ బండి బోర్‌కి వచ్చిందంటామే, దాదాపు అలాంటిది. రెండోది, ఆపాక ఇంజెక్టర్లు కారి ఛాంబర్లో పెట్రోల్ నిండడం.

ఈ రెండింటినీ విడదీయడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజన్ బాగా వేడెక్కించి ఆపు. పది నిమిషాలు ఆగి, బానెట్ కింద ఈజీఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఫ్యూజ్ లాగేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టు. తర్వాత ఫ్యూజ్ పెట్టి మామూలుగా స్టార్ట్ చెయ్యి. వెంటనే అందుకుంటే కారుతున్నది ఇంజెక్టర్లే. అప్పుడు కూడా బద్ధకంగానే ఉంటే కంప్రెషన్ అనుమానం గట్టిపడినట్టే.

ఇక అసలు కంప్రెషన్ టెస్ట్. మామూలు పిస్టన్ గేజ్‌తో వచ్చే అంకె దీనికి పనికిరాదు. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడు ఛాంబర్లు. గేజ్ లోపలి వాల్వ్ ఆ మూడింట్లో ఎక్కువున్నదాన్నే పట్టుకుని చూపిస్తుంది. రెండు ఛాంబర్లు పోయి ఒకటి బాగున్నా అంకె బాగానే కనిపిస్తుంది, మనం మోసపోతాం. మూడు ముఖాలనీ విడివిడిగా చూపించి, 250 ఆర్పీఎంకి సరిచేసి చెప్పే రోటరీ టెస్టర్ వేరే ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల రోటరీ పని చేసే షాపుల్లో అడిగితే కొంత ఫీజు తీసుకుని చేస్తారు.

చేసే పద్ధతి తెలిసుంటే షాపులో పక్కన నిలబడి చూసుకోవచ్చు. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. క్రాంక్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే స్పార్కూ ఉండదు, ఫ్యూయలూ రాదు. రెండు రోటర్లకీ కింది ప్లగ్గులు తీసేయాలి. కిందివి లీడింగ్, పైవి ట్రెయిలింగ్. పైవి బిగించే ఉంచాలి. టెస్టర్ ఒక రంధ్రానికి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఆరేడు సెకన్లు తిప్పాలి. మాజ్దా మాన్యువల్ ప్రకారం 250 ఆర్పీఎం దగ్గర ఏ ముఖమూ 85 పీఎస్‌ఐకి తగ్గకూడదు. ఒకే రోటర్ మూడు ముఖాల మధ్య తేడా 21 పీఎస్‌ఐ దాటకూడదు. అన్నీ వందకి అటూఇటూగా ఉంటే ఇంజన్ మంచి స్థితిలో ఉన్నట్టే.

షాపుకి వెళ్ళే లోపు ఇంట్లో ఒక అంచనా కావాలంటే పిస్టన్ గేజ్ పక్కనుండే రిలీజ్ మీట నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టించు. ముల్లు ఎంత చూపించిందన్నది వదిలెయ్. దాని ఊపు చూడు, శబ్దం విను. ఫఫ్, ఫఫ్, ఫఫ్ అని మూడూ ఒకే ఎత్తుకి లేస్తే పర్లేదు. ఫఫ్, ఫఫ్, తర్వాత ఖాళీ వచ్చిందంటే మాత్రం ఎగ్జాస్ట్ కొనకు, ఆ డబ్బు దాచుకో.

హ్యూస్టన్_రోటర్

పైన చెప్పినదంతా కరెక్టే. కంప్రెషన్ కంటే ముందు చూడాల్సింది ఒకటి మిగిలిపోయింది, అది నిప్పు సంగతి.

అప్పర్ ఇన్‌టేక్ కింద, ప్రైమరీ ఫ్యూయల్ రెయిల్ కొసకి పల్సేషన్ డ్యాంపర్ అని గుండ్రటి డబ్బీ ఉంటుంది. ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకున్నప్పుడు లైన్లో వచ్చే కొట్టుడుని మింగడం దాని పని. లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దాదాపు నలభై ఏళ్ళ రబ్బరు అది. చిరిగిందా, డబ్బీ నెత్తిన ఉన్న స్క్రూ పక్క నుంచి పెట్రోల్ చిమ్ముతుంది. చిమ్మేది మండుతున్న ఇంజన్ మీదకి. ఎఫ్‌సీలు (ఈ రెండో తరం ఆర్‌ఎక్స్-7లు) తగలబడిపోవడానికి పేరుపడ్డ కారణం ఇదే. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ స్క్రూ మీద వేలు పెట్టి చూడండి. తడి తగిలినా, పెట్రోల్ వాసన వచ్చినా బండి తీయొద్దు. కొత్త డ్యాంపర్ వెయ్యండి, లేదా దాన్ని తీసేసి సరిపోయే బాంజో బోల్టు, రెండు వైపులా కొత్త వాషర్లు వెయ్యండి. వీధిలో నడిపే బండికి బాంజో బోల్టుతో తేడా తెలియదు.

ఎలాగూ అప్పర్ ఇన్‌టేక్ విప్పుతారు కాబట్టి అదే విడతలో చేసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. దాని కింది ఫ్యూయల్ హోసులన్నీ మార్చండి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పనికొచ్చే రకమే కొనండి, కార్బురేటర్ హోసు ఈ ప్రెషర్ తట్టుకోదు. క్లిప్పులు కూడా పళ్ళు హోసుని కోసేవి కాకుండా, నున్నటి అంచువి తీసుకోండి. నాలుగు ఇంజెక్టర్లూ శుభ్రం చేసి ఫ్లో టెస్ట్ చేయించండి. వేడి స్టార్టింగ్ సమస్య సగం కేసుల్లో ఇక్కడే తేలిపోతుంది. ఇంజెక్టర్ ఓ-రింగులు, ఇన్‌టేక్ గ్యాస్కెట్ కొత్తవి. సన్న వాక్యూమ్ గొట్టాలు గట్టిపడి బిస్కెట్లలా విరుగుతాయి, అన్నిటికీ సిలికాన్ వేసేయండి. ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే పెట్టండి. అన్నీ ఒకేసారి లాగి పారేస్తే ఏది ఎక్కడిదో తేల్చుకోవడానికి రెండు వారాంతాలు పోతాయి. ముందు ఫోటోలు తీసుకోండి.

ఇక 3,800 దగ్గర ఆగడం. ఇది సిరీస్ 4కి పుట్టుకతో వచ్చిన జబ్బు లాంటిది. ఆ ఆర్పీఎం దగ్గర సెకండరీ ఇంజెక్టర్లు పనిలోకి దిగుతాయి. ఆ క్షణంలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) గ్రౌండ్ బలహీనంగా ఉన్నా, సెకండరీలు గారపట్టి ఉన్నా, వాటి కనెక్టర్ పిన్నులు నల్లబడి ఉన్నా ఇంజన్ తటపటాయిస్తుంది. ఇంజన్ హార్నెస్ గ్రౌండ్ బోల్టులు విప్పి, కింద మెరిసే లోహం కనిపించేదాకా గీకి బిగించండి. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కీ, ఇంజన్ నుంచి బాడీకీ లావుపాటి కొత్త వైరు లాగండి. తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఫాస్ట్ ఐడిల్ క్యామ్ వదిలేశాక, పెడల్ వదిలి కొలిస్తే 1 కిలో ఓమ్ దగ్గర ఉండాలి. నెమ్మదిగా తొక్కుతుంటే ఎక్కడా గెంతకుండా 5 కిలో ఓమ్ల దగ్గర దాకా పాకాలి. చల్లటి ఇంజన్ మీద కొలిచి సర్దితే తప్పు చోట సర్దినట్టే.

మెల్బోర్న్_సిరీస్4

డిఫెన్సర్ గురించి నేను చెప్తానండి. ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన విషయం.

సిరీస్ 4 టర్బో ఫ్యాక్టరీ నుంచి 5.5 పీఎస్‌ఐ దగ్గర నడుస్తుంది. 8.6 చేరితే ఈసీయూ ఫ్యూయల్ కోసేస్తుంది. డిఫెన్సర్ చేసేదల్లా ప్రెషర్ సెన్సర్ చెప్పే మాటని మధ్యలో పట్టుకుని, ఎంత బూస్ట్ వచ్చినా ఈసీయూకి తక్కువే చెప్పడం. కోత ఆగిపోతుంది గానీ పెట్రోల్ పెరగదు. పది పీఎస్‌ఐకి సరిపడా గాలి లోపలికి వెళ్తుంది, పెట్రోల్ మాత్రం ఎనిమిదికి సరిపడానే వస్తుంది. మిశ్రమం పలచబడి డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తనే పేలడం) మొదలవుతుంది. పిస్టన్ ఇంజన్ కాసేపు టకటకమని కొట్టుకుని హెచ్చరిక ఇస్తుంది. రోటరీలో అంత వ్యవధి ఉండదు. రోటర్ మూలన ఉండే అపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్లు, అది పోత ఇనప పట్టీ. నాలుగైదు గట్టి దెబ్బలకే విరుగుతుంది. విరిగిన ముక్క హౌసింగ్ (రోటర్ తిరిగే గది) క్రోమ్ మీద గీత గీసుకుంటూ ఎగ్జాస్ట్ పోర్టులోంచి బయటపడి టర్బైన్ రెక్కలని కొడుతుంది. అంటే ఒక్క దెబ్బకి రోటర్, హౌసింగ్, టర్బో మూడూ పోతాయి. ఆ 8.6 కోత మీ ఇంజన్‌కి కాపలా మనిషి. ఆయన్ని పంపించేయకండి.

క్యాట్ తీసేసి మూడంగుళాల పైపు వేస్తే బూస్ట్ కంట్రోలర్ లేకపోయినా బూస్ట్ తనంతట తనే పాకుతుంది. సిరీస్ 4 టర్బోలో వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్ గ్యాసుని టర్బో పక్క నుంచి పంపే మూత) రంధ్రం చిన్నది. అడ్డు లేని ఎగ్జాస్ట్‌లో వచ్చే గ్యాసు మొత్తాన్ని అది బయటికి పంపలేదు. చలికాలం రాత్రి, ఫోర్త్ గేర్, ఫుల్ థ్రాటిల్‌లో కోత తగిలి బండి ముందుకి విసిరినట్టవుతుంది. అందుకని ఎగ్జాస్ట్ వేసే రోజే టర్బో దించి వేస్ట్‌గేట్ రంధ్రాన్ని పెద్దది చేయించాలి, దానికి తగ్గ పెద్ద మూత పెట్టించాలి. సిరీస్ 5 (1989 నుంచి వచ్చినది) టర్బోలో వేస్ట్‌గేట్‌కి రెండు దారులుంటాయి, దానికి ఈ గోల కొంత తక్కువ.

10 పీఎస్‌ఐకి నిజంగా వెళ్ళాలంటే కావాల్సినవి ఇవి: గంటకి 255 లీటర్లు పంపే ఫ్యూయల్ పంపు, దానికి బ్యాటరీ నుంచి రిలేతో వేరే లావుపాటి వైరు (పాత వైరింగ్‌లో పంపు దాకా వెళ్ళేసరికి వోల్టేజీ పడిపోతుంది), సెకండరీల్లో 550 సీసీ బదులు 720 సీసీ ఇంజెక్టర్లు, ట్యూన్ చేసుకునే వీలున్న ఈసీయూ, వైడ్‌బ్యాండ్ గేజ్ (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపించేది). ఇంజెక్టర్లు కొనేముందు మీ పాతవాటిని ఓమ్ మీటర్‌తో కొలవండి. సిరీస్ 4లో లో ఇంపిడెన్స్, హై ఇంపిడెన్స్ రెండూ వచ్చాయి. రెండు మూడు ఓములు చూపిస్తే లో, పన్నెండు పైన చూపిస్తే హై. కలిపేస్తే ఈసీయూ డ్రైవర్లు కాలతాయి. బూస్ట్‌లో మిశ్రమం 11 దగ్గర (ఒక పాలు పెట్రోల్‌కి 11 పాళ్ళ గాలి) ఉండాలి. ట్యూన్ చేసేవాళ్ళు పిస్టన్ టర్బో అలవాటుతో 12కి తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. ప్లగ్గులు మామూలుగా లీడింగ్‌కి ఎన్‌జీకే 7, ట్రెయిలింగ్‌కి 9 హీట్ రేంజ్. బూస్ట్ పెంచాక నాలుగూ 9 వేసేయడం మంచిది. పెట్రోల్ పంపులో దొరికే ప్రీమియమే పోయాలి.

ఎండ, ఏసీ గురించి అడిగారు కదా. బండి కింద పడుకుని చూడండి, ముక్కు దగ్గర రేడియేటర్ కింద నల్ల ప్లాస్టిక్ రేకు ఉందా? చాలా ఎఫ్‌సీల్లో ఉండదు. ఆయిల్ మార్చేటప్పుడు ఎవరో తీసేసి మళ్ళీ బిగించరు. అది లేకపోతే ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్లోంచి పోకుండా కిందికి జారిపోతుంది, హైవే మీదే బండి హీటెక్కుతుంది. దొరక్కపోతే అల్యూమినియం రేకు కోసి బిగించుకోవచ్చు. రేడియేటర్ పక్కల సందులు కూడా ఫోమ్‌తో మూయండి. ఫ్యాను విషయంలో, మంచి స్థితిలో ఉన్న ఫ్యాక్టరీ క్లచ్ ఫ్యాను, దాని చుట్టూ చెక్కుచెదరని ష్రౌడ్ ఉంటే చవక ఎలక్ట్రిక్ ఫ్యాన్ల కంటే అదే నయం.

థర్మోస్టాట్ మాజ్దాదే కొనండి. 82 డిగ్రీలకి తెరుచుకుంటుంది, అడుగున రెండో పళ్ళెం ఉంటుంది. వేడెక్కాక ఆ పళ్ళెం బైపాస్ దారి మూస్తుంది. బయట దొరికే కొన్నిటికి ఆ పళ్ళెం ఉండదు, అప్పుడు వేడి నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా ఇంజన్లోనే చుట్టు తిరుగుతాయి. రేడియేటర్ మూత 13 పీఎస్‌ఐ. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్ముకోకుండా అసలు డిగ్రీలు చూపించే గేజ్ పెట్టుకోండి. 82 నుంచి 95 సెల్సియస్ మామూలు. 104 (అక్కడి ఫారన్‌హీట్ లెక్కలో 220) దగ్గరికొస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, కాలు తీసేయండి. ఒక్కసారి బాగా హీటెక్కితే హౌసింగుల మధ్య వాటర్ సీల్ పోతుంది, దానికి ఇంజన్ పూర్తిగా విప్పడం తప్ప మందు లేదు.

బే_ఏరియా_ఎన్‌ఏ

టర్బో లేని ఎఫ్‌సీ ఉన్నవాళ్ళు ఇది చదివి క్యాట్ తీయడానికి బయల్దేరతారేమోనని ఒక మాట. ఎన్‌ఏ ఇంజన్‌కి ఆరు ఇన్‌టేక్ పోర్టులు. ఐదు, ఆరు పోర్టుల స్లీవులు పై ఆర్పీఎంలో తిరిగి తెరుచుకోవాలి. సిరీస్ 4లో వాటిని తిప్పేది ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్. అడ్డు లేని పైపు వేశారనుకోండి, ఆ ప్రెషర్ పోయి స్లీవులు కదలవు. శబ్దం పెరుగుతుంది, పైన లాగుడు తగ్గుతుంది. సిరీస్ 5లో ఆ పని ఎయిర్ పంపు చేస్తుంది, కాబట్టి అందులో ఎయిర్ పంపు పీకేయకూడదు. ఎన్‌ఏకి సాధారణ 87 ఆక్టేనే చాలు, ప్రీమియం పోసినా కలిసొచ్చేదేమీ లేదు.

టెక్సస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి ఎమిషన్ టెస్ట్ లేదు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకి, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ చెక్ (పొగ తనిఖీ) ఉంది, క్యాట్ తీస్తే కంటితో చూసే తనిఖీలోనే పోతుంది. ఇక్కడున్నవాళ్ళు ఆ దారికి పోవద్దు.

13బి_గోదారి

టూ స్ట్రోక్ ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మీ సిరీస్ 4లో ఆయిల్ మీటరింగ్ పంపు మెకానికల్. సంపులోని ఇంజన్ ఆయిల్‌నే నాలుగు సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి హౌసింగులకీ, ఇన్‌టేక్‌కీ చుక్కచుక్కగా పంపుతుంది. అపెక్స్ సీల్ రాసుకునే గోడకి తడి అదే. ఆ గొట్టాలు వేడికి ముదురు గోధుమ రంగుకి తిరిగి, వేలితో తాకితే బాంజో దగ్గర పుటుక్కున విరుగుతాయి. విరిగాక కూడా బండి మామూలుగానే నడుస్తుంది, అదే ప్రమాదం. కాబట్టి విప్పినప్పుడు వాటిని చూడు. ఆయిల్ నాజిల్ ప్రతిదీ తీసి నోటితో ఊదు: గాలి ఒక వైపే పోవాలి.

పంపు పనిచేస్తుంటే గాలన్‌కి అర ఔన్సు, అంటే లీటరుకి 4 మిల్లీలీటర్లు కలుపు. పంపు తీసేస్తే దానికి రెట్టింపు, గాలన్‌కి ఒక ఔన్సు. మీ ట్యాంకు 16.6 గాలన్లు, కాబట్టి పంపు ఉన్న బండికి ఫుల్ ట్యాంకుకి 8 ఔన్సులు. ముందు ఆయిల్ పోసి తర్వాత పెట్రోల్ కొట్టించు, వచ్చే ధారకి అదే కలుస్తుంది. బూడిద తక్కువ మిగిల్చే టూ స్ట్రోక్ ఆయిల్ గానీ, రోటరీ కోసమే అమ్మే ప్రీమిక్స్ గానీ తీసుకో. ఇంజన్‌లోకి మాత్రం మామూలు మినరల్ 20డబ్ల్యూ-50, ప్రతి 3,000 మైళ్ళకి మార్చు. మధ్యలో ఆయిల్ తగ్గడం చూసి కంగారు పడొద్దు, తగ్గకపోతేనే కంగారు పడాలి: మీటరింగ్ పంపు పనిచేయడం లేదని అర్థం.

హ్యూస్టన్_రోటర్

గోదారి గారూ, ఒక్క చేర్పు. మీటరింగ్ పంపు తీసేసి ప్రీమిక్స్ మీదే ఆధారపడతామనేవాళ్ళు ట్రాక్ బండ్లకి అలా చేసుకోవచ్చు. వీధి బండికి నేను వద్దంటాను. ఒక్కసారి కలపడం మర్చిపోయినా ఆ ట్యాంకంతా పొడి గోడల మీద నడుస్తుంది. పంపు ఉంచండి, పైన అర ఔన్సు కలపండి. రెండూ ఉంటే ఒకటి తప్పినా ఇంకోటి కాపాడుతుంది.

ఫ్రిస్కో_ఎఫ్‌సీ

అందరికీ థాంక్స్. డ్యాంపర్ స్క్రూ దగ్గర తడి ఉంది, బాంజో బోల్టు వేశాను, కింది హోసులన్నీ మార్చాను. ఆయిల్ గొట్టాల్లో రెండు విరిగి ఉన్నాయి, కొత్తవి వేశాను. గ్రౌండ్లు గీకాక 3,800 దగ్గర ఆగడం పోయింది. ఇంజెక్టర్లు శుభ్రం చేయించినా వేడి మీద స్టార్టింగ్ కొంచెమే మెరుగైంది.

షాపులో రోటరీ టెస్టర్‌తో తీసిన అంకెలు, 250 ఆర్పీఎంకి సరిచేసినవి. ముందు రోటర్: 98, 96, 97. వెనక రోటర్: 94, 92, 75. ఇంజన్ తీయించాల్సిందేనా? అపెక్స్ సీల్ పోయిందా?

13బి_గోదారి

తొందరపడొద్దు. ఈ అంకెల్లో మంచి కబురుంది.

అపెక్స్ సీల్ అంటే రోటర్ మూలన ఉండేది. ప్రతి మూలా రెండు ఛాంబర్లకి మధ్య గోడ. అది విరిగినా, అరిగినా పక్కపక్కనున్న రెండు ముఖాలు కలిసి పడిపోతాయి, 94, 60, 58 ఇలా కనిపిస్తుంది. నీకు ఒక్కటే పడింది, రెండు పక్కలా బాగున్నాయి. అలా ఒంటరిగా ఒకటి పడిందంటే ఎక్కువగా ఆ ముఖం సైడ్ సీల్ (రోటర్ పక్క అంచున ఉండే పట్టీ) కార్బన్ పట్టి గాడిలో ఇరుక్కున్నట్టు. ఆయిల్ గొట్టాలు విరిగి తడి తగ్గిన ఇంజన్‌లో ఇది జరిగేదే. ఇరుక్కున్నది ఊడే అవకాశం ఉంది, ప్రయత్నం చేయడం న్యాయం.

వెనక రోటర్ లీడింగ్ ప్లగ్ తియ్యి. ముందు పుల్లీ బోల్టుకి 19 సైజు సాకెట్ పెట్టి, ఎదురుగా నిలబడి చూస్తే గడియారం తిరిగే వైపే చేత్తో తిప్పు. ఆ ప్లగ్గు రంధ్రంలో 15 మిల్లీలీటర్ల ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోసి, సరిగ్గా ఒక చుట్టు తిప్పు, రెండో ముఖం వస్తుంది. మళ్ళీ 15. ఇంకో చుట్టు, మళ్ళీ 15. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఈ లెక్క. రాత్రంతా వదిలెయ్. పొద్దున ఈజీఐ ఫ్యూజ్ లాగి, ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ కప్పి, సెల్ఫ్ కొట్టి మిగిలినదంతా బయటికి కక్కించు. ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లటి పొగ కమ్ముతుంది, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. గరాజ్ లోపల చేయొద్దు. క్యాట్ ఇంకా ఉంటే ఈ పనికి ముందు దాన్ని తాత్కాలికంగా తీసి పైపు పెట్టు, ఈ పొగకి క్యాట్ పాడవుతుంది.

తర్వాత నీళ్ళ వైద్యం. వేడెక్కిన ఇంజన్‌ని 2,500 దగ్గర పట్టుకుని, రెండు రోటర్లకీ వెళ్ళే వాక్యూమ్ నిపుల్‌కి సన్న గొట్టం తగిలించి, డిస్టిల్డ్ వాటర్ సన్నధారగా పీల్చనివ్వు. అర లీటరుకి పావుగంట పట్టాలి. ఆర్పీఎం కిందికి జారితే గొట్టం నొక్కి ఆపు, మళ్ళీ లేచాక వదులు. ఆవిరి లోపలి కార్బన్‌ని పెచ్చులుగా లేపుతుంది. అయ్యాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చు.

అక్కడి నుంచి రెండు వారాలు బండిని నడపాలి, దాచుకోకూడదు. కూలెంట్ ముల్లు మామూలు చోటికి వచ్చాక ఇంకో పది నిమిషాలు ఆగి, అప్పుడు బూస్ట్. ఆయిల్ నీళ్ళ కంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. వేడెక్కాక రోజుకొక్కసారైనా 7,000 రెడ్‌లైన్ దగ్గరికి తీసుకెళ్ళు. ఫిఫ్త్ గేర్లో 2,000 దగ్గర పెట్టి గట్టిగా తొక్కొద్దు, ఆ ఆర్పీఎంలో అంత బరువు మోయించడమే కార్బన్‌కీ, డిటొనేషన్‌కీ ఆహ్వానం. డ్రైవ్‌వేలో పది అడుగులు జరిపి ఆపేయొద్దు, చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ నిండి ఫ్లడ్ అవుతుంది. స్టార్ట్ చేస్తే పూర్తిగా వేడెక్కాకే ఆపు.

ఫ్రిస్కో_ఎఫ్‌సీ

రెండూ చేశాను. 600 మైళ్ళు నడిపాక అదే షాపులో, అదే టెస్టర్. ముందు: 99, 97, 98. వెనక: 95, 94, 88. వేడి మీద ఇప్పుడు రెండు సెకన్లలో అందుకుంటోంది. ఇప్పుడు ఎగ్జాస్ట్ వేయొచ్చా?

మెల్బోర్న్_సిరీస్4

88 అంటే 85 హద్దుకి పైనే ఉన్నారు, తేడా 7. ఎగ్జాస్ట్ వేయండి, కానీ వేస్ట్‌గేట్ పని అదే రోజు చేయించండి. బూస్ట్ గేజ్ పెట్టుకుని, థర్డ్ గేర్లో 7 పీఎస్‌ఐ దాటి పాకుతోందేమో చూడండి. పాకితే కాలు తీసేసి మళ్ళీ రంధ్రం పెద్దది చేయించాలి. పంపు, 720 ఇంజెక్టర్లు, ఈసీయూ వచ్చేదాకా డబ్బుంటే పెద్ద రేడియేటర్ మీద పెట్టండి. ముందు భాగంలో ఇంటర్‌కూలర్ పెట్టాలనుకుంటే అది రేడియేటర్ గాలికి అడ్డమొస్తుంది కాబట్టి దానికీ రేకుతో దారి కట్టాల్సి ఉంటుంది.

13బి_గోదారి

వెనక రోటర్ మీద ఒక కన్నేసి ఉంచు. మరో వెయ్యి మైళ్ళకి ఇంకో టెస్ట్ తీయించు. ఆ ముఖం 88 దగ్గరే నిలిచినా, పైకెళ్ళినా ఈసీయూ ఆర్డర్ పెట్టుకో. మళ్ళీ 80కి జారితే సీల్ అరిగిందనుకోవాలి. అప్పుడు ఫ్యాక్టరీ బూస్ట్ మీదే నడుపుకుంటూ, 10 పీఎస్‌ఐ ఆలోచన ఇంజన్ విప్పి కట్టే రోజుకి వాయిదా వెయ్యి.